మల్లన్న కొండకు నడిచి వెళ్ళేవారి మూటలో ఏముండాలి?

శివరాత్రికి నెల రోజుల ముందునుంచే మా ఆసుపత్రి ఓపీలో ఒక ప్రశ్న మొదలవుతుంది. "డాక్టరుగారూ, శ్రీశైలం నడిచి పోవాలనుకుంటున్నాం, పోవచ్చునా?" ఉగాది దాటేవరకూ ఈ ప్రశ్న ఆగదు. గుండె చూడమంటారు, బీపీ చూడమంటారు, బలానికి ఒక ఇంజక్షను వెయ్యమంటారు. ఇన్నేళ్ళ సర్వీసులో "సంచిలో ఏం పెట్టుకోమంటారు?" అని అడిగినవారు మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది. అడవిలో రెండు రోజులు నడిచేవారికి అన్నిటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న అదే. ఈ సంగతి నాకూ వైద్య కళాశాలలో ఎవరూ చెప్పలేదు. 2019 ఉగాదికి మా బావగారితో కలిసి నడిచినప్పుడు తెలిసివచ్చింది. అందులో నా తప్పు కూడా వున్నది. కథ కొంత, సలహా కొంత కలిపి ఈ వారం మనవి చేస్తాను.

దారి ఎలాంటిది?

కర్నూలు దగ్గర ఆత్మకూరు (ఇప్పుడది నంద్యాల జిల్లాలో వున్నది), దానికి చేరువలో వెంకటాపురం. అక్కడితో ఊళ్ళు అయిపోయి నల్లమల మొదలవుతుంది. నాగలూటి, దామెర్లకుంట, పెచ్చెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం దాటి శ్రీశైలం చేరాలి. మొత్తం నలభై కిలోమీటర్ల పైమాటే. దారిలో కొంత మట్టిబాట, కొంత రాళ్ళు, కొంత పాత మెట్లు. శ్రీశైలానికి మెట్లు కట్టించిన రాజుల్లో 14వ శతాబ్దపు ప్రోలయ వేమారెడ్డి పేరు మనవాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు.

పులులు తిరిగే అడవి గనుక ఏడాది పొడుగునా ఈ దారిన వెళ్ళనివ్వరు. శివరాత్రికీ, ఉగాదికీ అటవీశాఖవారు కొద్ది రోజులు మాత్రం వదులుతారు. శివరాత్రికి ఎక్కువగా మనవాళ్ళు, ఉగాదికి కన్నడం వాళ్ళు. రాయచూరు, బళ్ళారి, బాగల్‌కోట వైపునుంచి ఇంటి గడప దగ్గర మొదలుపెట్టి రోజుల తరబడి నడిచి వస్తారు. భ్రమరాంబ వాళ్ళ ఇంటి ఆడపడుచట. పుట్టింటివారు వట్టి చేతులతో పోరు కదా! చీరె, పసుపు కుంకుమలు పట్టుకుని పోతుంటారు.

ఆ రోజుల్లో దారిపొడుగునా అన్నదానాలు, నీళ్ళ పందిళ్ళు, వైద్య శిబిరాలు వుంటాయి. "అన్నీ అక్కడే దొరుకుతాయి, మోసుకుపోవడం దేనికి?" అనుకునేవారు అందుకే ఎక్కువ. కాని ఒక పందిరికీ ఇంకో పందిరికీ మధ్య గంటల నడక. ఆ గంటల్లో మనకు వుండేది మన సంచీ ఒక్కటే.

ఆసుపత్రిని మోసిన డాక్టరు

నా సంచీ సంగతి చెబుతాను, నవ్వుకోండి. స్టెతస్కోపు, బీపీ మిషను, రెండు సెలైను సీసాలు, సిరంజీలు, ఇంజక్షన్లు, దుప్పటి, నాలుగు జతల బట్టలు, పెద్ద టార్చిలైటు. బయలుదేరేముందు కిరాణా కొట్టు కాటామీద పెడితే 13 కిలోలు తూగింది. డాక్టరన్నాక ఆ మాత్రం వుండాలనుకున్నాను.

మా బావగారు రిటైరయిన హెడ్మాస్టరు. అప్పటికి అరవై మూడేళ్ళు. పద్నాలుగేళ్ళుగా చక్కెర జబ్బు. ఆయన భుజాన ఒక జోలె, అందులో పంచె, తువ్వాలు, విభూతి పొట్లం, మాత్రల డబ్బా. కాళ్ళకు ఏమీ లేవు.

"బావా, చెప్పులేవీ?" అన్నాను వెంకటాపురంలో.

"మొక్కు అప్పా ఇది. మల్లన్న కాడికి చెప్పులేసుకుని పోతారా ఎవురన్నా?" అన్నాడాయన.

మొక్కు అనేసరికి నేను నోరు మూసుకున్నాను. ఎక్కువ మాట్లాడితే మా అక్కయ్యతో మాట పడాలి, అదొక భయం.

తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరాం. నాగలూటి వీరభద్రుడి గుడి దాటి మెట్లు ఎక్కుతుండగా బావగారు చతికిలబడ్డారు. ఒళ్ళంతా చెమట, చేతులు వణుకు, మాట తడబాటు. చుట్టూ చేరినవాళ్ళు "స్వామి పూనినాడు" అని దండాలు పెట్టసాగారు. పూనింది స్వామి కాదు. ఆయన ఆవేళ ఒక్కపొద్దు వున్నారు. చక్కెర మాత్ర మాత్రం అలవాటు ప్రకారం వేసుకున్నారు. తిండి లేదు, మాత్ర వున్నది, ఎక్కుడు వున్నది. రక్తంలో చక్కెర పడిపోయింది.

నా 13 కిలోల సంచిలో చెంచాడు చక్కెర లేదు! గ్లూకోజు సెలైను ఎక్కిద్దామని సీసా వెతుకుతున్నాను. ఇంతలో రాయచూరు వైపు అవ్వ ఒకామె తన మూట విప్పి బెల్లం ముక్క తీసి నా చేతిలో పెట్టింది. "సూదులన్నీ తెచ్చినావు, బెల్లం తెచ్చుకోలేదా సారూ?" అన్నది కన్నడ యాసలో. బావగారికి ఇంకా మింగే తెలివి వుంది కాబట్టి బెల్లం నమిలించి నీళ్ళు తాగించాను. పావుగంటలో లేచి కూచున్నారు.

ఆ అవ్వ మూట నేను మరిచిపోలేను. ఎండిన జొన్నరొట్టెలు, పల్లీల పొడి, బెల్లం, ఉప్పు, లోటా, ఒక చీరె, గొంగళి, సూదీ దారం. అన్నీ కలిపి నాలుగైదు కిలోలు వుంటుందేమో. కాళ్ళకు పాత టైరు చెప్పులు, జారకుండా గుడ్డతో కట్టుకుంది. ఆమెకు ఏది అవసరమో ఆమె శరీరమే ఆమెకు చెప్పింది. నేను మాత్రం ఎవరికో రాబోయే జబ్బులకు సంచీ కట్టుకున్నాను. నా పక్కన నడిచే మనిషికి కట్టుకోలేదు. సెలైను సీసాలు దారిలో వైద్య శిబిరంవారికి ఇచ్చేశాను.

పెచ్చెరువులో ఆ రాత్రి

మధ్యాహ్నం ఎండకు బండలు కాలిపోయాయి. చెప్పులున్న మేమే గంతులు వేస్తుంటే బావగారు హాయిగా నడుస్తున్నారు. "చూసినావా డాక్టరూ, ఒక్క నొప్పి లేదు. అంతా స్వామి దయ" అన్నారు.

రాత్రి పెచ్చెరువులో మకాం. అందరి కాళ్ళకూ బొబ్బలు. వరసగా చూసి కట్లు కడుతున్నాను. చివర బావగారి పాదాలమీద టార్చి వేశాను. అరికాళ్ళనిండా రూపాయి బిళ్ళలంత బొబ్బలు, రెండు చితికిపోయి మట్టి పట్టి వున్నాయి. ఎడమకాలి చిటికెన వేలి పక్కన ముల్లు విరిగి లోపలే వున్నది. చిమ్మటా పెట్టి లాగితే ఆయన కన్నార్పలేదు. పక్కవాళ్ళతో కబుర్లు చెబుతూనే వున్నారు.

నొప్పి లేకపోవడమే ఆయన జబ్బు. చాలా ఏళ్ళు చక్కెర అదుపులో లేకపోతే కాళ్ళ నరాలు మొద్దుబారతాయి. నిప్పు తొక్కినా తెలియదు, మేకు దిగినా తెలియదు. మర్నాడు సరుకులు తెచ్చిన జీపులో ఆయన్ను వెనక్కి తీసుకువచ్చాను. "మొక్కు తీరలేదే" అని దారంతా కళ్ళ నీళ్ళు పెట్టుకున్నారు. మూడు నెలలు కట్లు కట్టినా చిటికెన వేలు దక్కలేదు, తీసెయ్యవలసి వచ్చింది.

ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. కాని పద్నాలుగేళ్ళుగా ఆయనకు మందులు రాస్తున్న డాక్టరును నేనే. ప్రతి మూడు నెలలకూ రక్తపరీక్ష కాగితం చూశాను. "పాదాలు చూపించు బావా" అని ఒక్కనాడూ అనలేదు.

మీ ఇంట్లో చక్కెర జబ్బు వున్నవారికి ఈ చిన్న పరీక్ష చెయ్యండి. కళ్ళు మూసుకోమని చెప్పి, రెండు కాళ్ళ బొటనవేలు, నడిమి వేలు, చిటికెన వేలు చివర్లను ఒక్కొక్కటిగా మీ చూపుడు వేలితో మెల్లగా, ఒక్క క్షణం తాకండి. నొక్కకూడదు, రుద్దకూడదు. ఆరింటిలో రెండుగాని అంతకుమించిగాని తెలియకపోతే స్పర్శ తగ్గిందన్నమాట. అలాంటివారు ఇంట్లో కూడా వట్టి కాళ్ళతో తిరగరాదు. కొండదారి మాట చెప్పనక్కరలేదు.

మళ్ళీ నడక, ఈసారి ఆరు కిలోలు

2023 శివరాత్రికి మళ్ళీ బయలుదేరాను. బావగారి మొక్కు కూడా నా లెక్కలోనే. ఈసారి సంచీ ఆరు కిలోలు, నీళ్ళతో సహా. మామూలు మనిషి తన బరువులో పదోవంతుకు మించి మొయ్యకుండా వుంటే మోకాళ్ళకు మంచిది. అరవై కిలోల మనిషికి ఆరు కిలోలు. సంచీ రెండు భుజాలకూ తగిలించుకునేదై వుండాలి. ఒక భుజాన జోలె వేలాడితే నడుము పట్టేస్తుంది. బరువైనవి వీపుకు ఆనేటట్టు, తరచు కావలసినవి పైన సర్దుకోండి. ఇక ఒక్కొక్కటే చెబుతాను.

కాళ్ళకు: ప్రయాణం కోసం కొత్త బూట్లు కొని ఆ రోజే తొడిగితే నాగలూటి చేరకముందే బొబ్బలెక్కుతాయి. కనీసం పదిహేను రోజులు ముందుగా తొడిగి రోజూ గంటసేపు నడవండి. సాయంత్రం పూట కొనండి, అప్పుడు పాదం కాస్త ఉబ్బి వుంటుంది. దిగుడులో వేళ్ళు గుచ్చుకోకుండా ముందు అరంగుళం ఖాళీ వుండాలి. మేజోళ్ళు మూడు జతలు. తడిసిన మేజోడే బొబ్బకు తల్లి. మధ్యాహ్నం జత మార్చి, తడిది సంచికి తగిలించి ఆరబెట్టండి. ఎక్కడన్నా చురుక్కుమంటే "ఇంకో మైలు పోదాం" అనుకోకుండా వెంటనే ఆగి అంటుకునే ప్లాస్టరు వెయ్యండి. బొబ్బ లేచిందా, పైచర్మం కత్తిరించవద్దు. శుభ్రమైన గాజుగుడ్డ కప్పి కట్టండి.

నీళ్ళకు: మనిషికి రెండు లీటర్లు పట్టే సీసాలు. ఎండలో ఎక్కేటప్పుడు గంటకు అరలీటరు నుంచి లీటరు దాకా ఒంట్లోంచి పోతుంది. పందిరి కనబడిన ప్రతిచోటా నింపుకోండి. కుంటలోనో చెరువులోనో ముంచుకోవలసివస్తే కాచిగాని, క్లోరిను బిళ్ళ పొట్లంమీద చెప్పిన లెక్కన వేసి అరగంట ఆగిగాని తాగాలి. "తువ్వాలుతో వడగట్టాం" అంటారు కొందరు. మా చిన్నతనంలో దిగుడుబావుల నీళ్ళతో నారికురుపు వచ్చేది. దాన్ని మోసే నీటిపురుగు గుడ్డకు ఆగేది. ఆ వడపోత, ఇతర జాగ్రత్తల పుణ్యాన 2000లో మన దేశానికి నారికురుపు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపత్రం ఇచ్చింది. టైఫాయిడు, కామెర్లు తెచ్చే క్రిములు మాత్రం గుడ్డకు పూర్తిగా ఆగేవి కావు.

ఉప్పుకు: చెమటతో నీళ్ళు మాత్రమే కాదు, ఉప్పు కూడా పోతుంది. ఓఆర్‌ఎస్ పొట్లాలు మనిషికి నాలుగు. పొట్లంమీద ఎన్ని నీళ్ళు రాసివుంటే అన్నీ పొయ్యాలి, తగ్గించరాదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో, బనగాఁవ్ దగ్గర, సెలైను అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఈ నీళ్ళనే డ్రమ్ముల్లో కలిపి కలరా రోగులను బతికించారు. పొట్లం లేకపోతే లీటరు నీళ్ళలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, తలకొట్టి కొలిచి కలపండి. ఓఆర్‌ఎస్ పేరు తగిలించుకుని తీపి పానీయాలు కూడా అమ్మేవారు. హైదరాబాదు పిల్లల డాక్టరు ఒకావిడ ఏళ్ళ తరబడి పోరాడిన మీదట, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. కొనేటప్పుడు చదివి కొనండి.

తిండికి: అన్నదానం వున్నా ఒక పూట తిండి సంచిలో వుండాలి. అటుకులు, వేయించిన పల్లీలు, రొట్టె. బెల్లమో గ్లూకోజో జేబులోనే వుండాలి, సంచి అడుగున కాదు. చక్కెర మాత్రలు, ఇన్సులిను వాడేవారు ఒక్కపొద్దు వుంటూ కొండ ఎక్కడం ప్రమాదం. మోతాదు ఎంత తగ్గించాలో వారం ముందే మీ డాక్టరును అడగండి. వణుకు, చెమట వస్తే మూడు చెంచాల చక్కెర. పావుగంటలో తేరుకోకపోతే మళ్ళీ అంతే. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏదీ పొయ్యకండి.

మందులకు: రోజూ వాడే మందులు రెండు రోజుల నడకకు నాలుగు రోజులవి. సగం మీ దగ్గర, సగం తోడువారి దగ్గర. పేర్లు రాసిన చీటీ జేబులో పెట్టుకోండి. ఇన్సులిను సీసాను తడిగుడ్డ చుట్టి సంచి మధ్యలో పెట్టండి. మంచు ముక్కల్లో పెడితే పాడవుతుంది. నొప్పులకు పారసెటమాల్ చాలు. చెమట పట్టి నీరు తగ్గిన ఒంట్లో ఘాటైన నొప్పి బిళ్ళలు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఇంకా ప్లాస్టరు, గాజుగుడ్డ, చిమ్మటా, అయోడిను మందు. ఇదంతా ఒక సబ్బుపెట్టెలో పడుతుంది.

ఎండకు, రాత్రికి: వదులైన పొడుగు చేతుల నూలు చొక్కా, టోపీ, తువ్వాలు. ఎవరన్నా ఒళ్ళు కాలిపోతూ మాట తప్పి మాట్లాడుతుంటే వడదెబ్బ అనుకోండి. జ్వరం బిళ్ళకు అది లొంగదు. నీడకు చేర్చి, ఒళ్ళంతా తడిపి, విసరుతూ వైద్య శిబిరానికి కబురు పంపండి. రాత్రికి దుప్పటి, కింద పరుచుకోను పట్టా, దోమల మందు. అడవిదోమ మలేరియా తేవచ్చు. తిరిగివచ్చాక నెల రోజుల్లో జ్వరం వస్తే "అడవికి పోయివచ్చాను" అని డాక్టరుకు మొదటే చెప్పండి.

పాముకు: టార్చి, చేతికర్ర. ముందు కర్ర, వెనక కాలు. పొద్దున బూట్లు దులిపి తొడగండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికీ ఒకే విరుగుడు ఇంజక్షను. అది ఆసుపత్రిలో వున్నది, మంత్రంలో లేదు. గాటు పెట్టవద్దు, నోటితో పీల్చవద్దు, గట్టిగా తాడు కట్టవద్దు. కాలు కదలకుండా కర్ర వేసి కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుపొండి.

భీముని కొలను దాటాక

రెండో రోజు మఠంబావి దాటాక దారి లోయలోకి దిగుతుంది. భీముని కొలను దగ్గర కొండలు రెండువైపులా గోడల్లా నిలబడతాయి. దిగేటప్పుడు మోకాళ్ళు వణికాయి, చేతికర్ర కాపాడింది. నీళ్ళలో కాళ్ళు పెట్టి, తుడుచుకుని, మూడో జత మేజోళ్ళు తొడుక్కున్నాను. అక్కణ్ణుంచి కైలాసద్వారం దాకా నిట్టనిలువు మెట్లు. గుండె జబ్బు వున్నవారూ, నాలుగడుగులకే ఆయాసం వచ్చేవారూ ఈ ఎక్కుడు పెట్టుకోవద్దు. ఎక్కుతూ గుండెల్లో పట్టేసినట్లున్నా, ఎడమ చెయ్యి లాగినా, అక్కడే కూచోండి. మెట్టుమీద కూచున్నవాణ్ణి ఏ దేవుడూ తప్పుపట్టడు.

కుర్రవాళ్ళు పాడుతూ దాటిపోతున్నారు. నేను ఇరవై మెట్లకొకసారి ఆగుతూ, ఒక గుక్క ఉప్పునీళ్ళు తాగుతూ ఎక్కాను. అంతా కలిపి ఒక్క బొబ్బ కూడా లేదు.

పైన కైలాసద్వారం దగ్గర రాతిమీద బావగారు కూచుని వున్నారు. శ్రీశైలం దాకా బస్సులో, అక్కణ్ణుంచి ఆటోలో వచ్చారట. కాళ్ళకు మెత్తని బూట్లు, తెల్ల మేజోళ్ళు. వచ్చేపోయేవాళ్ళలో వట్టి కాళ్ళవాళ్ళను ఆపి "చక్కెర ఉందా నీకు? పాదం సూపించు" అని హెడ్మాస్టరు గొంతుతో అడుగుతున్నారు. నన్ను చూసి లేచారు.

"చెప్పులతోనే వచ్చినానప్పా. మల్లన్న ఏమీ అనలేదు" అన్నారు.

గుడి వాకిట విప్పితే చాలు. అంతవరకూ పాదాలను కాపాడుకోవడం కూడా మొక్కులో భాగమే అనుకోండి. ఈ యేడు నడవదలిచినవారు ప్రయాణానికి పది రోజుల ముందే సంచీ సర్ది, కిరాణా కొట్టు కాటామీద తూచి, దాన్ని మోస్తూ ఊరి చుట్టూ రెండు మైళ్ళు నడిచి చూడండి. ఎక్కడ ఒరుసుకుంటున్నదో, ఏది బరువో, ఏది మరిచామో అప్పుడే తెలుస్తుంది. ప్లాస్టిక్కు సంచులు అడవిలో వదలకండి. తోడు లేకుండా, చీకటిపడ్డాక నడవకండి. మీ పక్కన నడిచే మనిషి పాదాలను బయలుదేరేముందు ఒకసారి చూడండి. నేను చూడలేదు గనుక చెబుతున్నాను.